రెండో పేరు

గుణుపురం ఆస్పత్రిలో
ప్రతి జ్వరానికీ మొదటి పేరు మలేరియా.
పదిహేడేళ్ళుగా ఈ మూల గదిలో
వేళ్ళు పొడిచి, గాజుపలకల మీద నెత్తురు పులిమి
జ్వరాలకు పేర్లు పెడుతున్నాను.

రెబికా సబర. ఆరేళ్ళు.
పుట్టాసింగి పైన ఏదో కొండ.
తల్లి సోమారి సగం దారి వీపున మోసి
సగం దారి జీపులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
స్లయిడ్ చూశాను. ఉన్నాయి,
ఉంగరాల్లాంటి పురుగులు, రెండో మూడో.
పాజిటివ్ అని ఎర్రసిరాతో రాసి
టీకి లేవబోయాను.

డాక్టర్ బినతా సాబత్ లేవలేదు.
పిల్ల తల కింద అరచెయ్యి పెట్టి
మెల్లిగా ఎత్తింది.
తలతో పాటు భుజాలూ లేచాయి,
చెక్కని ఒక కొసన పట్టి ఎత్తినట్టు.
గెడ్డానికీ ఛాతీకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ,
ఎంతకీ పూడలేదు.
మడిచిన మోకాలు చాపబోతే
మగతలోంచే మూలిగింది.
కిటికీ రెక్క తీస్తే వెలుతురుకి మొహం ముడుచుకుంది.

పోయినేడు కార్తీకంలో ఇలాగే ఒక కుర్రాడు.
స్లయిడ్‌లో పురుగులు దొరికాయి.
దొరికాయి కాబట్టి వెతకడం మానేశాం.
వాడి పేరు నా రిజిస్టర్‌లో ఉంది,
ఎదురుగా నా ఎర్రసిరా.
తప్పు రాయలేదు నేను.
సగం రాశాను.

వెన్నులోంచి నీరు తియ్యాలంది డాక్టరు, ఒడియాలో.
నేను తెలుగులో ఆయా దాలమ్మకి చెప్పాను,
దాలమ్మ సవరలో సోమారికి.
పాణి నీలయింది, నీలు డా అయింది,
మూడు గట్లూ దాటి తల్లి చెవిన పడేసరికి
కాళ్ళు పడిపోవడం అయింది.
ఆమె పిల్ల పాదాలు రెండూ గట్టిగా పట్టేసుకుంది.
ఎంత తీస్తారు?
చెంచాడు కూడా కాదు.
మళ్ళీ ఎలా వస్తుంది?
వంశధార ఇసకలో చెలమ తవ్వితే ఊరదా, అలాగ.
ఈ మాట డాక్టరు అనలేదు. దాలమ్మ సొంతం.
సోమారి ఒక పాదం వదిలింది.
కాసేపటికి రెండోది.

పక్కకి తిప్పి రొయ్యలా ముడిచాం.
తుంటి ఎముక మీంచి వేలు నడిపి
పూసల మధ్య సందు వెతికింది డాక్టరు.
సూది దిగాక ఆమె ఊపిరి ఆపింది, నేనూ ఆపాను.
చుక్క.
తేటగా ఉండాల్సింది
జీలుగు కల్లు ముంత కడిగిన నీళ్ళలా ఉంది.
ఆ రంగుని ఎవరికీ ఏ భాషలోకీ
మార్చి చెప్పక్కర్లేకపోయింది.
నా జవాబు కోసం మందు ఆగలేదు,
సీసాలు నా చేతికొచ్చేలోపే
పిల్ల నరంలోకి ఎక్కుతోంది.

కరెంటు లేదు.
మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పి
మిగిలిన సాయంత్రాన్ని పట్టుకున్నాను.
పులిజూదం గళ్ళలాంటి గళ్ళు,
అయిదారు కణాలుంటేనే ఎక్కువనుకునే చోట
వెయ్యి దాటాక లెక్క ఆపాను.
నెత్తుట్లో చక్కెర ఉంది, ఈ నీటిలో అడుగంటింది.
ఊదా రంగు పోసి, అయోడిన్ పోసి,
స్పిరిట్‌తో కడిగి, ఎరుపు పోసి, ఆరబెట్టి చూస్తే
నేరేడుపండు రంగులో జంటలు, జంటలు.
మాటలన్నీ చెరిగిపోయి
విసర్గలే మిగిలిన కాగితంలా.

ఎర్రసిరా కింద
నల్లసిరాతో రెండో పేరు రాశాను.
మొదటిది కొట్టెయ్యలేదు. రెండూ నిజమే.
టీ ఎప్పుడో చల్లారిపోయింది.

పదకొండో రోజు పొద్దున్న
గౌను బొత్తాం ఊడితే చూసుకోడానికి
రెబికా తల వంచింది.
గెడ్డం ఛాతీకి తగిలింది.
ఎవరూ పరీక్ష చెయ్యలేదు, దానంతటదే.

కుడి పక్కనుంచి దాలమ్మ పిలిస్తే తిరిగింది.
ఎడమ పక్కనుంచి పిలిస్తే
బొత్తాంతోనే ఆడుకుంది.
సోమారి లేచి అటు వెళ్ళి
ఇంకాస్త గట్టిగా పిలిచింది.

నా రిజిస్టర్‌లో దానికి గడి లేదు.
అంచున రాశాను.